వేపాకు కషాయమును వెండిరేణువులును

కర్నూలు జిల్లాకు పడమటి కొసను, ఆలూరునుండి బళ్లారికి పోవు దారిలో మా హాలహర్వి యున్నది. అది నల్లరేగడి సీమ. వాన కురిసిన దినమున పెట్టిన కాలు పైకి రాదు. వాన లేని నెలలలో నేల నెఱ్ఱెలు విచ్చి నోరు తెఱచుకొని యుండును. ప్రత్తి, జొన్న, మిరప మా పైరులు. గూళ్యము నొరసికొని పాఱు వేదవతిని మావారు హగరి యందురు. 1953వ సంవత్సరము వఱకు ఆదవాని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలోనివే కావున, మా యిండ్లలో నేటికిని తెలుగును కన్నడమును ఒక్క పంక్తిని కూర్చుండి భుజించును.

ఈ సీమలో నీడనిచ్చు చెట్లు తక్కువ. ఉన్నవానిలో వేపయే పెద్దదిక్కు. మా యింటి ముందఱి వేపచెట్టును మా అవ్వ మందుల కొట్టుగా నెంచెడిది. పిల్లలకు అమ్మవారు పోసినపుడు ప్రక్కలో వేపరెమ్మలు పఱచెడిది. గజ్జి లేచినచో లేతాకు నూరి, పసుపు కలిపి పూసెడిది. ఒడలి నొప్పులకు వావిలాకు కాచిన నీళ్లు, కొడవలికి తెగిన వ్రేలికి గట్టుమీది గడ్డిచేమంతి పసరు. ఇంటిలో చంటిబిడ్డకు ఉగ్గు పెట్టవలసి వచ్చినపుడు మాత్రము ఆమె చెట్టును విడిచి పెట్టె తెఱచెడిది. అందులో గుడ్డలో చుట్టిన వెండి ఉగ్గుగిన్నె యుండెడిది. "వెండిలో పెట్టిన ఉగ్గు బిడ్డకు చెఱుపు చేయదు నాయనా" అనెడిది. ఆకునకును వెండికిని పొత్తు కుదురునని ఆమె యెఱుగదు. అప్పుడు మేమును ఎఱుగము. ఆమె కాలముచేసిన ఎన్నో యేండ్లకు ఆ రెండును మన పాఠశాల ప్రయోగశాలలో ఒక్క గాజుపాత్రయందు కలిసినవి. ఆ కలయికను గూర్చియు, అదే మాసమున మా యింట జరిగిన యొక సంగతిని గూర్చియు ఈ సంచికలో వ్రాయ నెంచితిమి.

మేము విజ్ఞానశాస్త్రము బోధించువారము. ప్రదర్శనకై ఏదైన క్రొత్త ప్రయోగము చేయవలెనని తొమ్మిదవ తరగతి విద్యార్థులు మమ్ము తొందరపెట్టుచుండిరి. పూనాలోని జాతీయ రసాయన పరిశోధనాలయమున మురళీ శాస్త్రిగారును వారి సహచరులును వేపాకు కషాయముతో వెండి, బంగారముల అతిసూక్ష్మరేణువులను తయారుచేసి, ఆ సంగతిని 2004లో ప్రకటించిరని మేము చదివియుంటిమి. ఆ మాట తరగతిలో చెప్పగా ఒక బాలుడు కిటికీలోనుండి ఆవరణములోని చెట్టును చూపి, "పూనా యెందుకు సార్? చెట్టు ఈడనే ఉంది గదా!" అనెను. దానికి మాకు ప్రత్యుత్తరము తోచలేదు. మఱునాడే పని ప్రారంభించితిమి.

పని పెద్దది కాదు. లేతయు ముదురును గాని ఆకు పది గ్రాములు తూచి, దుమ్ము పోవునట్లు కడిగి, సన్నముగా తఱిగి, నూఱు మిల్లీలీటరుల శుద్ధజలములో కాచితిమి. చల్లారిన పిదప వడపోత కాగితముతో వడగట్టగా లేత పసుపువన్నె కషాయము దిగినది. వేఱొక పాత్రలో లీటరు శుద్ధజలమునకు 170 మిల్లీగ్రాముల వంతున సిల్వర్ నైట్రేటును కరగించితిమి. అది చేతికంటిన చర్మము నల్లబాఱును గావున పిల్లల చేతులకు తొడుగులు వేయించితిమి. ఈ ద్రావణము తొమ్మిది పాళ్లు, కషాయ మొక పాలు కలిపి, పాత్రను బల్లమీద నుంచి, మేమును పిల్లలును దానిని చుట్టుకొని కూర్చుంటిమి. మొదట ఏమియు కనబడలేదు. తరువాత తేనెరంగు వచ్చినది. మధ్యాహ్నపు గంట కొట్టు వేళకు అది బెల్లపు పానకమువలె గోధుమవన్నెకు తిరిగినది. ఒక బాలిక లేసరు దీపపు కిరణమును అందులోనికి పంపగా నీటిలో ఎఱ్ఱని గీత నిలిచినది. కషాయము కలుపని సిల్వర్ నైట్రేటు ద్రావణములోనికి పంపగా గీత లేదు. కంటికి కానరాని రేణువులు నీటిలో తేలుచున్నవని ఆ గీతయే సాక్ష్యము పలికినది. వడగట్టిన కషాయములోను పలుచని గీత కనబడెను గాని, వన్నె మాఱిన పాత్రలోని గీతకు అది సాటిరాలేదు.

"వెండి తెల్లగా గదా ఉండవలె, ఇది ఎఱ్ఱమన్ను నీళ్ల మాదిరి ఉందేమి సార్?" అని ఒకడు అడిగెను. మంచి ప్రశ్న. దానికి సమాధానము నూటయేబది యేండ్లకు పైబడినది. 1857లో మైకేల్ ఫారడే బంగారమును నీటిలో మిక్కిలి సన్నని రేణువులుగా చేసి, అట్టి బంగారము కెంపువలె ఎఱ్ఱగా నుండునని చూపెను. అంతకు పూర్వమే, నాలుగవ శతాబ్దపు రోమను పనివారు గాజులో వెండి బంగారముల రేణువులను తెలియకయే చేర్చిరి. బ్రిటిష్ మ్యూజియమునందున్న లైకర్గస్ పాత్ర వెలుపలినుండి వెలుగు పడినపుడు పచ్చగాను, లోపలినుండి వెలుగు వచ్చినపుడు ఎఱ్ఱగాను కనబడుట దానివలననే. మీటరులో నూఱుకోట్లవ వంతునకు నానోమీటరని పేరు. మన తలవెండ్రుక మందము సుమారు ఎనుబదివేల నానోమీటరులు. లోహరేణువు నూఱు నానోమీటరులకు లోబడినపుడు దాని యుపరితలమునందలి ఎలక్ట్రానులు వెలుగుతో కలిసి ఊగును. ఆ యూగుటలో కొన్ని వన్నెలను మ్రింగివేయును. వెండిరేణువులు నీలివైపు వెలుగును మ్రింగును గావున మిగిలిన వెలుగు మన కంటికి పసుపుగాను గోధుమవన్నెగాను తోచును.

ఇంతకును ఆకు చేసిన పని యేమి? సిల్వర్ నైట్రేటు నీటిలో కరగినపుడు వెండి, ఒక్కొక్క ఎలక్ట్రాను కోల్పోయిన అయానులుగా నుండును. వేపాకులోని పాలీఫీనాలులు, ఫ్లేవనాయిడులు, టెర్పెనాయిడులు, చక్కెరలు ఆ కోల్పోయిన ఎలక్ట్రానును దానము చేయును. అప్పుడు అయాను లోహపు పరమాణువగును. పరమాణువులు గుంపుగూడి రేణువగును. ఆ గుంపు హద్దుమీఱి పెరిగి అడుగున మడ్డివలె పేరుకొనకుండ ఆకులోని మాంసకృత్తులు మొదలగునవి రేణువునకు పొరవలె చుట్టుకొనును. దానమిచ్చునదియు ఆకే, దుప్పటి కప్పునదియు ఆకే. ప్రయోగశాలలలో ఇదే పనిని సోడియం బోరోహైడ్రైడు వంటి తీవ్రద్రవ్యములతో చేయుట వాడుక. పెరటి ఆకు వానికి బదులుగా నిలుచుటయే ఈ పద్ధతి యొక్క గొప్పదనము.

రేణువు చిన్నదైనకొలది దాని బలము పెరుగుటకు కారణము పిల్లలకు ఒక లెక్కతో చెప్పితిమి. ఒక సెంటీమీటరు ఘనముగల వెండిముక్క తూకము తులమునకు కొంచెము తక్కువ. దాని ఆఱు ముఖములును కలిసి ఆఱు చదరపు సెంటీమీటరులు. ఆ ముక్కనే పది నానోమీటరుల ఘనములుగా తఱిగితిమనుకొందము. అప్పుడు ముఖములన్నియు కలిసి ఆఱువందల చదరపు మీటరులగును. మావైపు లెక్కలో అది దాదాపు పదునైదు సెంట్ల నేల. తులము లోపు వెండి పదునైదు సెంట్లు పఱచుకొన్నదన్న మాట వినగానే రైతుబిడ్డల కన్నులు వెడల్పైనవి. ఆ విశాలమైన ముఖమునుండి వెండి అయానులు మెల్లమెల్లగా విడివడును. అవి సూక్ష్మక్రిమి యొడలిలోని గంధకముగల మాంసకృత్తులను పట్టుకొనును, పైపొరను చీల్చును, దాని శ్వాసక్రియను చెఱచును. ఒక్క వాకిటనే గాక పలు వాకిండ్లనుండి జొరబడు శత్రువును క్రిమి యెదుర్కొనుట కష్టము. అయినను అసాధ్యము కాదు. కాలినగాయములవారి వార్డులో వెండికి లొంగని సాల్మొనెల్లా క్రిమి అమెరికాలో 1975లోనే కనబడినది.

ఈ సంతోషము మా యిల్లు చేరినది. ఒక శనివారము చిన్న సీసాలో ఆ గోధుమవన్నె నీటిని ఇంటివారికి చూపుటకై హాలహర్వికి తీసికొనిపోయితిమి.

అప్పటికి పది దినములుగా మా పెద్దనాయన కాలికి పుండున్నది. ఆయన డెబ్బది యేండ్లవారు. ప్రత్తికట్టె నఱికిన చేలలో మోళ్లు కత్తిమొనలవలె నిలుచును. చెప్పులు లేక చేనిలో నడచుట ఆయనకు చిన్ననాటి అలవాటు. మోడు పాదములో దిగినది, ఆయనకు తెలియలేదు. చిరకాలముగా చక్కెరవ్యాధి గలవారి పాదములలో నరములు మొద్దుబాఱును. గాయమైనను అవి నొప్పిని మెదడునకు కబురు చేయవు. నెత్తురు ప్రసరణము తగ్గుటచేత గాయము త్వరగా మానదు. నడవలో నెత్తుటి మరకలు చూచి మా పెద్దమ్మ అడుగువఱకు ఆయన తన పాదము నెత్తి చూచుకొనలేదు. చూచిన పిదపను ఎవరితోను చెప్పక, అవ్వ చేసినట్లే వేపాకు నూరి పసుపు కలిపి కట్టుచుండిరి. మేము పోవునప్పటికి బొటనవ్రేలి ప్రక్క వ్రేలు నల్లబడి, గుడ్డనుండి దుర్గంధము వచ్చుచుండెను.

మేము సీసాను దీపమునకెదురుగా పట్టి, వెండి, వేప, సూక్ష్మక్రిములు అని ఉత్సాహముగా చెప్పుచుంటిమి. పెద్దనాయన అంతయు విని, సీసాను చేతిలోనికి తీసికొని, చాలసేపు చూచి ఇట్లనిరి: "ఆకు మనదే, వెండీ మనదే. పురుగును చంపుతాదని నువ్వే చెప్తివి. ఇంత నా కాలికి పూయరాదా అప్పా? బళ్లారికి పోతే వ్రేలు తీస్తారు."

చదువరులారా, ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. ఆయన మాటలో తప్పేమున్నది? వెండి వైద్యమునకు క్రొత్తది కాదు. 1880 ప్రాంతమున జర్మనీలో క్రెడే యను వైద్యుడు పసిబిడ్డల కండ్లలో సిల్వర్ నైట్రేటు చుక్క వేసి ఎందఱినో గ్రుడ్డితనమునుండి కాపాడెను. 1968లో చార్లెస్ ఫాక్స్ కాలినగాయములకు సిల్వర్ సల్ఫాడయజీన్ లేపనమును ప్రవేశపెట్టెను. మన తిరుపతి వ్యవసాయ పరిశోధనాకేంద్రమునకు చెందిన టి. ఎన్. వి. కె. వి. ప్రసాద్‌గారు ఎలుమలైగారితో కలిసి మునగాకు కషాయముతో వెండిరేణువులు చేసి, అవి సూక్ష్మక్రిములను అడ్డగించుటను 2011లో ప్రకటించిరి. ఇంత చరిత్రము వెనుక నుండగా నాలుగు చుక్కలు పూసిన ఏమగును? ఇట్లు ఒక మనస్సు పలికెను. మా చేతి మందుతో మా పెద్దనాయన కాలు మానినదని నలుగురును చెప్పుకొనవలెనను ఆశయు ఆ మనస్సులో కొంత కలదని ఒప్పుకొనక తప్పదు.

రెండవ మనస్సు ముందటి దినమున ప్రయోగశాలలో చూచిన రెండు సంగతులను జ్ఞప్తికి తెచ్చెను. మొదటిది: వెండి కలుపక మిగిలిన వేపాకు కషాయమును ఒక పాత్రలో మఱచితిమి; వారము దాటునప్పటికి దానిమీద తెల్లని బూజు పట్టియుండెను. అవ్వ మందుల కొట్టునుండి దిగిన కషాయముమీదనే బూజు పెరిగినది! రెండవది: అదే చెట్టు ఆకుతో, అదే కొలతతో, పదునైదు దినముల తరువాత వేఱొక జట్టు పిల్లలు చేసిన ద్రావణము గోధుమవన్నె కాక బూడిదవన్నె తిరిగి, అడుగున మడ్డి దిగినది. ఆకు ముదురునుబట్టి, ఋతువునుబట్టి, కాచిన సమయమునుబట్టి కషాయము మాఱును. కషాయముతోడనే రేణువుల పరిమాణమును మాఱును. ఈనాటి సీసాకును రేపటి సీసాకును పొందిక లేనిచో దానిని మందని యెట్లు పిలుతుము? వేపతో కలియక మిగిలిన సిల్వర్ నైట్రేటు ఆ సీసాలో ఎంత యున్నదో మేము కొలువలేదు. పుండు పైననే యున్నదో, ఎముకను ముట్టినదో అదియు మేము ఎఱుగము. ఇన్ని యెఱుగనివానిని ఒక ముసలివాని పాదముమీద పోయుటకు మాకు అధికారమెవరు ఇచ్చిరి?

తెల్లవాఱిన పిదప, "పెద్దనాయనా, ఇది గాజుపాత్రలో చూచుటకు చేసినది, కాలికి చేసినది కాదు. బళ్లారి బస్సు ఎక్కుదము రండి" అంటిమి. ఆయన ముఖము త్రిప్పుకొనిరి. "పిల్లోళ్లకు చూపించేకి పనికొచ్చేది నాకు పనికి రాదా?" అని ఒక్క మాట అనిరి. బస్సులో హగరి వంతెన దాటువఱకు మాతో మాటాడలేదు. మేమును ఏమి చెప్పవలెనో తెలియక కిటికీలోనుండి ఇసుకను చూచుచు కూర్చుంటిమి.

ఆసుపత్రిలో వ్రేలు తీసిరి. చీము ఎముకను అప్పటికే చేరినదనియు, ఇంకొక వారము జాగుచేసినచో పాదమే పోయెడిదనియు వైద్యుడు చెప్పెను. నాలుగవ దినమున కట్టు మార్చునపుడు నర్సు చేతిలోని గుడ్డను చూచితిమి. అది వెండి చేర్చిన కట్టుగుడ్డ! మేము విస్తుపోయి, మా సీసా కథను వైద్యునితో చెప్పితిమి. ఆయన నవ్వలేదు, ఓపికతో విని, ఈ గుడ్డలో వెండి ఎంత యున్నదో, ఎంతసేపటికి ఎంత విడువబడునో కొలిచియున్నారనియు, అయినను పుండును మాన్పునది ఈ గుడ్డ కాదనియు చెప్పెను. చచ్చిన కండను తీసివేయుట, నెత్తుటిలోని చక్కెరను అదుపున నుంచుట, క్రిమికి తగిన మందును లోపలికి ఇచ్చుట, పుండుమీద బరువు పడకుండ చూచుట, ఇవియే చికిత్సయట. వెండి వాకిటి కాపలావాడు మాత్రమే. తరువాత మేము విచారించి చూడగా, చక్కెరవ్యాధివారి పాదవ్రణములకు వెండి కట్టులు ఎంత మేలు చేయునో తేల్చుటకు కోక్రేన్ సంస్థవారు 2006లో పరిశోధనలను వెదకి, తమ నిబంధనలకు నిలిచిన పరీక్ష ఒక్కటియు దొరకలేదని వ్రాసిరని తెలిసినది. ఎన్నో యేండ్లుగా వాడుకలోనున్న వెండికే అట్టి స్థితియైనచో, నిన్న మొన్న బల్లమీద పుట్టిన మా సీసా మాట చెప్పవలెనా?

ఇంటికి వచ్చునప్పటికి ఇంకొక పాఠము మాకై వేచియుండెను. మన పాఠశాలలో చదివి, ఇప్పుడు కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రము చదువుచున్న ఒక విద్యార్థిని మా ద్రావణమును అడిగి తీసికొనిపోయి, తన అధ్యాపకుల పర్యవేక్షణలో పరీక్షించినది. అగరు పోసిన పళ్లెములో క్రిములను పెంచి, వానిమీద నాలుగు కాగితపు బిళ్లలు పెట్టినది. ఒకటి మా వెండిరేణువులలో తడిపినది. ఒకటి వట్టి వేపాకు కషాయములో. ఒకటి వట్టి సిల్వర్ నైట్రేటులో. ఒకటి వైద్యులు వాడు క్రిమినాశకముతో. మఱునాటికి రేణువుల బిళ్ల చుట్టును క్రిములు పెరుగని వలయము తేటగా కనబడినది. ఛాయాచిత్రము చూచి పిల్లలు చప్పట్లు కొట్టిరి. కాని ప్రక్కన చూడుడు: వట్టి సిల్వర్ నైట్రేటు చుట్టును అంత వలయమే యున్నది. క్రిమినాశకపు వలయము అన్నిటికంటె పెద్దది. వేపాకు కషాయపు బిళ్ల చుట్టు ఏ వలయమును లేదు.

ఆ నాలుగు బిళ్లలను చూచి పిల్లలు చిన్నబోయిరి. "అయితే వేప యేమి చేయలేదా సార్?" అని అడిగిరి. వేప చేసినది, కాని మనమనుకొన్న పని కాదు. క్రిమిని చంపినది వెండి. ఆ వెండిని రేణువుగా మలచి, పొర కప్పి, నీటిలో నిలిపినది వేప. ఎవరి పని యేదో చెప్పగలుగుట ఆ మూడు బిళ్లలను ప్రక్కన పెట్టినందువలననే సాధ్యమైనది. అవి లేకున్నచో కీర్తియంతయు వేపకు కట్టబెట్టి, ప్రదర్శనలో బహుమానము పొంది, ఒక అసత్యమును ఊరంతట చాటియుందుము. సరిపోల్చుటకు పెట్టిన బిళ్ల మనలను చిన్నబుచ్చవచ్చును గాని మోసగింపదు.

ఇట్లని ఈ మార్గమున ఆశ లేదని మా తాత్పర్యము కాదు. ఆశ కలదు, అందుకే జాగ్రత్తయు కావలెను. మందులకు లొంగని క్రిములవలననే 2019వ సంవత్సరమున ప్రపంచమునందు సుమారు 12 లక్షల 70 వేలమంది మరణించిరని శాస్త్రజ్ఞులు అంచనా కట్టిరి. పాత మందులు మొక్కవోవుచుండగా క్రొత్త ఆయుధములను వెదకక తప్పదు. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో చిత్తరంజన్ పాత్రగారి బృందము గుంటగలగరాకు రసముతో బంగారు రేణువులు చేసి, క్యాన్సరు మందును వానిపై నెక్కించి, ప్రయోగశాలలో పెంచిన రొమ్ము క్యాన్సరు కణములమీద పరీక్షించి, 2012లో ప్రకటించినది. జుట్టు నల్లబడుటకు మన యవ్వలు నూనెలో కాచు గుంటగలగరయే అది! 2014లో అదే బృందము ఓలాక్స్ స్కాండెన్స్ అను మొక్క ఆకుతో వెండిరేణువులు చేసి, అవి క్రిములను అణచుట, క్యాన్సరు కణములను చంపుట, మందును మోయుట, కణములలో వెలుగుచు గుఱుతు తెలుపుట అను నాలుగు పనులకు తగునని చూపినది. ఇంత చేసియు వారు మందు దొరికినదని చాటలేదు. పళ్లెములోని కణమునకు గుండె లేదు, కాలేయము లేదు, మూత్రపిండము లేదు. పళ్లెమునుండి జంతువునకు, జంతువునుండి కొలదిమంది మనుష్యులకు, కొలదిమందినుండి వేలమందికి పోవు దారి పొడవైనది. ఆ దారిలో బయలుదేఱినవానిలో పెక్కు నడుమనే నిలిచిపోవును.

ఆ దారిని అడ్డదారిన దాటువారును కలరు. వెండినీళ్లు సర్వరోగనివారిణియని అమ్మువారు దేశదేశములలో నున్నారు. అట్టి నీళ్లను దీర్ఘకాలము త్రాగినవారి చర్మము నీలిబూడిదవన్నెకు తిరుగును. ఆ వన్నె సామాన్యముగా మఱల పోదు. దానికి ఆర్జీరియా యని పేరు. వైద్యుని చీటి లేక అమ్ము వెండినీటి మందులు సురక్షితములనియు గుణకారులనియు చెప్పుటకు ఆధారము లేదని అమెరికా ఔషధశాఖ 1999లో శాసించినది. ఆకు మన పెరటిదైనంత మాత్రమున, వెండి మన యింటిదైనంత మాత్రమున, రెండును కలిసి పుట్టిన క్రొత్త వస్తువు మన చుట్టమైపోదు. అవ్వ ఉగ్గుగిన్నె వేఱు, ఆ గిన్నెను పదునైదు సెంట్లుగా పఱచిన రేణువు వేఱు.

ప్రదర్శన దినము వచ్చినది. విద్యార్థులు గోధుమవన్నె పాత్రను, లేసరు దీపమును, నాలుగు బిళ్లల ఛాయాచిత్రమును బల్లమీద అమర్చిరి. బూజుపట్టిన కషాయపు పాత్రను, మడ్డి దిగిన రెండవ పాత్రను కూడ మూతవేసి ప్రక్కనే పెట్టిరి. ఓడినవానిని దాచరాదని వారే నిర్ణయించుకొనిరి, మేము చెప్పలేదు. పాత్రపై "త్రాగరాదు, పుండుపై పూయరాదు" అని ఎఱ్ఱసిరాతో వ్రాసిరి.

మధ్యాహ్నము మా పెద్దనాయన వచ్చిరి. ఆయన పాదమునకు మెత్తని అడుగుగల క్రొత్త చెప్పులున్నవి. ఇప్పుడు ప్రతి రాత్రియు మా పెద్దమ్మ అద్దము పట్టగా ఆయన అరికాళ్లు చూచుకొనుచున్నారు. బల్లయొద్ద నిలిచి, మమ్ము చూడనట్లే, కిటికీలోనుండి చెట్టును చూపిన ఆ బాలుని, "ఇది పుండుకు పూయొచ్చునా అప్పా?" అని అడిగిరి. మా గుండె ఒక్కసారి ఆగినట్లైనది.

బాలుడు తడుముకొనలేదు. "ఇంకా లేదు తాతా. గాజులో పనిచేసింది. మనిషికి పనిచేస్తాదో లేదో ఇంకా చూడవలె" అనెను.

పెద్దనాయన తల యూచి, మావైపు తిరిగి నవ్విరి. బళ్లారి బస్సు దిగిన నాటినుండి ఆయన మమ్ము చూచి అట్లు నవ్వుట అదే మొదలు. "ఇంకా లేదు" అను ఆ రెండు మాటలను మేము ఇన్ని యేండ్ల బోధనలో ఎంతమందికి నేర్పితిమో తెలియదు. ఆ బాలునికి మాత్రము అవి వచ్చినవి. లేదని కొట్టివేయుట సులభము, ఉన్నదని ఊరేగించుట ఇంకను సులభము. ఆ రెంటికిని నడుమ నిలిచి పని చేయుటయే కష్టము. రేపు మన పిల్లలలో ఎవరైన ఆ పొడవైన దారి నడచి, హాలహర్వి వేపాకుతోనో గట్టుమీది గడ్డిచేమంతితోనో నిజమైన మందు చేసినచో, మొదటి సీసాను మా పెద్దనాయన యింటికే పంపుదుము.

ప్రదర్శన ముగిసిన పిదప మిగిలిన ద్రావణమును తోటలో పాఱబోయుటకు ఒక పిల్లవాడు ఎత్తుకొనిపోవుచుండగా ఆపితిమి. క్రిమిని చంపునది నేలలోని మేలుచేయు సూక్ష్మజీవులను విడిచిపెట్టదు. దానిని సీసాలో పోసి, మూత బిగించి, పేరును తేదీని వ్రాసి, అలమరలో నుంచితిమి. వేపచెట్టు మాత్రము ఎప్పటివలెనే కిటికీ వెలుపల నిలిచి యున్నది.